మొదటి చీమ

సొహార్‌లో ఆగస్టు. ఆసుపత్రి అద్దాలకు బయటివైపు చెమట.
లోపల, మూడో నంబరు థియేటర్లో,
ఆరేళ్ల గైథ్ నిద్రలో ఉన్నాడు.
మేకల కొట్టం గోడ మీంచి దూకి
కుడి ముంజేతి ఎముకలు రెండూ విరగ్గొట్టుకున్నాడు.

డాక్టర్ ఇసామ్ వాడి చంకలో ప్రోబు ఆనించాడు.
తెర మీద నలుపూ తెలుపూ కలిసిన బురద.
అందులో నరాలు, తేనెపట్టు ముక్కల్లా.
సూది చేరింది. మందు నల్లగా పారి
ఒక్కోదాన్నీ చుట్టుకుంది,
మడిలోకి నీళ్లు వదిలినట్టు.

"పనిచేస్తోందా?" అంటాడు సర్జను, ప్రతిసారీ.
ఎవర్ని అడగాలి?
పెద్దవాళ్లయితే చెబుతారు:
మొద్దుబారింది, బరువెక్కింది, ఇంకాస్త ఆగండి బాబూ.
నిద్రపోయే పిల్లాడి తరఫున
మానిటర్ మీద ఒక అంకె మాట్లాడాలి.
తొంభై ఆరు.
కత్తి దిగింది.
ఊపిరి బిగబట్టి చూశాను, పదకొండేళ్లుగా చూస్తున్నట్టే.
తొంభై ఆరు. తొంభై ఏడు. తొంభై ఆరు.
ఏమీ జరగకపోవడమే ఇక్కడ సాక్ష్యం.
అయినా మత్తుగ్యాసు ఎంతుందో ఓ కంట చూసుకున్నాను,
సాక్షిని ఎవరైనా కొనేసి ఉండొచ్చు కదా.

మెలకువ గదిలో అసలు పరీక్ష.
గ్లవ్‌లో ఐసుముక్క. ముందు మంచి చేతికి.
"బారిద్?"
పచ్చి చింతకాయ కొరికినట్టు ముడుచుకుంది మొహం.
తర్వాత ఆ చేతికి, కట్టు దాటి కనబడే వేళ్ల మీద.
నీళ్లు కారి దుప్పటి తడుస్తుంటే
పక్కింటివాళ్ల వస్తువులా చూశాడు.
ఎడంచేత్తో దాన్నెత్తి వదిలాడు. దబ్బున పడింది.
అప్పుడందుకున్నాడు ఏడుపు,
నా చెయ్యేదీ, నా చెయ్యి నాకిచ్చెయ్యండి అని.

నా దగ్గరున్న కాగితంలో
మొహానికిన్ని, కాళ్లకిన్ని,
ఏడుపుకు సున్నా, ఒకటి, రెండు.
ఎందుకేడుస్తున్నాడో రాసే గడి లేదు.
రెండు వేశాను. పక్కన "నొప్పి కాదు" అని రాయబోయి
ఆగాను. నాకెలా తెలుసు?

చిన్నప్పుడు నా తొడమీద సెగగడ్డ కోసిననాడు
నలుగురు అదిమిపట్టుకున్నారు.
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నాడు కాంపౌండరు.
ఆ చీమను ఇప్పటికీ నమ్మను.

వాళ్లమ్మ బద్రియా ఆ వేళ్లను చెంపకు ఆనించుకుంది.
"ఇదే ఎక్కువ వెచ్చగా ఉంది. జ్వరమా?"
రెండు చేతులూ పట్టుకు చూశాను. నిజమే.
నేను చూడాల్సిన గుర్తు
నాకంటే ముందు ఆమెకు దొరికింది.
జ్వరం కాదమ్మా, మందు నరాల్ని పట్టింది, అన్నాను.
ఇప్పుడు రాశాను ఆ రెండు ముక్కలూ.

రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి, వార్డు మీదుగా వెళ్తుంటే
పిలిచాడు. చిటికెనవేలు చూపించి
"నమ్ల్" అన్నాడు రహస్యంగా.
చీమలట.
తిమ్మిరి గురించి వాడికెవరూ చెప్పలేదు.
చీమలొచ్చాయంటే వాటి వెనకే నొప్పి.
ఇప్పుడే సిరప్పు పట్టమని సిస్టర్ షైనీకి చెప్పి
కాగితం మీద టైము వేశాను. తొమ్మిదీ పది.
వాడు మాత్రం కదలకుండా కూర్చుని
లెక్కపెడుతున్నాడు,
ఒకటీ, రెండూ, ఇంకోటీ,
చెయ్యి వెనక్కి మోసుకొస్తున్నవాటిని.