యాభై ఎవరి దగ్గరుంది

సర్వర్లు రెండింటికీ పేర్లు పెట్టింది నుస్రత్.
లింగంపల్లి నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చే మనిషి,
ఒకదాన్ని హఫీజ్‌పేట అంది, రెండోదాన్ని చందానగర్.
పక్కపక్క స్టేషన్లే.
నానక్‌రామ్‌గూడలో, నాలుగో అంతస్తు చలిగదిలో,
రాక్‌లోనూ పక్కపక్కనే.

వాటి సొంత నంబర్లు మేం ఎవరికీ చెప్పం.
బయటికి చెప్పే అడ్రసు ఒక్కటే, చివర యాభై ఉన్నది.
కోఠీలో రక్తనిధి కిటికీ వెనక గుమాస్తా
ఆ యాభైని నమ్ముకుని మీట నొక్కుతాడు.
ఆ గుమాస్తాకి హఫీజ్‌పేట తెలీదు, చందానగర్ తెలీదు.
తెలియాల్సిన అవసరం రాకుండా చూడ్డమే నా జీతం.

సెకనుకోసారి చందానగర్ అడుగుతుంది: ఉన్నావా?
ఉన్నా, అంటుంది హఫీజ్‌పేట.
ఉన్నావా. ఉన్నా. ఉన్నావా. ఉన్నా.
కొత్తగా పెళ్ళయినవాళ్ళు కూడా
ఒకళ్ళనొకళ్ళు ఇన్నిసార్లు అడగరు.

మూడుసార్లు పలక్కపోతే
యాభైని తెచ్చి చందానగర్ మెడలో వెయ్యమని
శ్రావణంలో పన్నెండు లైన్ల స్క్రిప్టు రాశాను.
వేశాక స్విచ్చు చెవిలో పడేట్టు కేక పెట్టాలి:
యాభై అంటే ఇకనుంచి నేను!
కేక పెట్టకపోతే అది పాత గుమ్మంలోనే
ఉత్తరాలు పడేసి పోతూ ఉంటుంది.
రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ పనిచేసింది.
మిఠాయి కూడా పంచాను.

నిమజ్జనం ముందురోజు రాత్రి
రెండింటి మధ్య తీగ ఒకటి వదులైంది.
హఫీజ్‌పేట చావలేదు. గొంతు వినపడలేదంతే.
ఉన్నా ఉన్నా అంటూనే ఉంది, గోడకి చెప్పినట్టు.
చందానగర్ మూడు లెక్కపెట్టి యాభై వేసుకుంది.
హఫీజ్‌పేట తియ్యలేదు. ఎందుకు తీస్తుంది?

నాలుగు నిమిషాలు, రెండు యాభైలు.
ఓ నెగటివ్ సంచి మిగిలింది ఒక్కటే.
ఒక యాభై దాన్ని మలక్‌పేటకి రాసిచ్చింది,
ఇంకో యాభై ఉప్పల్‌కి.
మలక్‌పేట అంబులెన్సు ముందొచ్చింది.
ఉప్పల్ కోసం తార్నాకలో ఎవరో కుర్రాణ్ణి
హాస్టల్లో నిద్రలేపి తీసుకెళ్ళారట.
ఆ "అట" నా చెవిన పడేదాకా
గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

బోరబండలో కొరియర్ పిల్లాడు నాకు ఫోన్ చేస్తుంటాడు:
మేడం, గిదే నంబరు మీద ఇంకో ఇల్లున్నది, నీలం గేటు. మీదేది?
మాది గేటు లేనిది, అని నవ్వేదాన్ని.
ఇప్పుడు బయటికొచ్చి నిలబడతాను.

"పలకలేదంటే పోయినట్టేనా?" అంది నుస్రత్,
కుర్చీ నావైపు తిప్పకుండానే.
"ఏమో మరి. ఎట్లా తెలుస్తది?"
ఎట్లా తెలుస్తుంది?
ఇటు నుంచి చూస్తే మౌనం, మరణం ఒకేలా ఉంటాయి.
అందుకని పదమూడో లైను రాయాలి:
యాభై ముట్టుకునే ముందు
అవతలిదానికి కరెంటు తీసెయ్.
బతికే ఉండొచ్చు. అయినా తీసెయ్.
తీశానని ప్లగ్గు జవాబిచ్చాకే అడ్రసు తీసుకో.
మావాళ్ళు దాన్ని కంచె అంటారు, తేలిగ్గానే.
ఆ లైను రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది.

మొన్న గురువారం, రెండుంబావుకి,
హఫీజ్‌పేట నిజంగానే పోయింది.
లోపలెక్కడో చిన్న కాలిన వాసన.
మూడు మౌనాలు. కంచె. యాభై. కేక.
మొత్తం ఆరు సెకన్లు.
కోఠీలో తెర మీద చక్రం కాస్త ఎక్కువసేపు తిరిగి ఉంటుంది,
గుమాస్తా ఓసారి ఆవులించి ఉంటాడు.
ఎవరూ ఫోన్ చెయ్యలేదు.
ఈ పనిలో మెప్పంటే అదే.

కిందికి దిగాను.
ఫ్లైఓవర్ కింద బండి మీద అదే బోర్డు, కాశయ్య టీ.
అదే స్టవ్వు, అదే సొట్ట గిన్నె.
వెనక మాత్రం కాశయ్య లేడు. తమ్ముడి భార్య.
ఆటోవాళ్ళు "కాశన్నా, రెండు" అంటున్నారు తలెత్తకుండా,
ఆమె పోసిస్తోంది.

నేను గ్లాసు అందుకోలేదు.
"కాశయ్య ఏడీ?"
"ఉన్నడు. జరమొచ్చింది, పండిండు."
ఉన్నాడు.
అప్పుడు తాగాను.
అల్లం కాస్త ఎక్కువైంది.