ఎర్త్

కామనెన్ దాటాక ఇరవై ఏడు ఉత్తరాల డబ్బాలు,
వాటి మధ్య రోడ్డుకడ్డంగా, ఎవరి ఆస్తో తెలియని రెయిన్‌డీర్లు.
డిసెంబరులో మధ్యాహ్నం రెండింటికే చీకటి.
అందుకే వ్యానుకి ఆ పొడుగాటి లైటు పెట్టించాను.
పెట్టించాను అంటున్నాను చూడండి,
నేనే పెట్టాను, సెప్టెంబరులో, ఒక ఆదివారం,
చదవకుండా పారేసిన కాగితం ప్రకారం.

ఇప్పుడు ఈసక్కి షెడ్డులో వ్యాను నోరు తెరుచుకుని ఉంది.
జబ్బు చెప్పాను:
వెలగమంటే మినుకుతుంది.
ఎడమకి తిరగబోతే
ఇండికేటరుతో పాటు అదీ కన్నుకొడుతుంది.
నార్వే నుంచి చేపలు తెచ్చే లారీవాళ్లు
తిరిగి కన్నుకొడుతున్నారు.

ఈసక్కి నవ్వలేదు.
టెస్టు లాంపు పళ్లతో కరిచిపట్టి బానెట్ కిందికి దూరాడు.
ఫ్యూజు బాగుంది.
రిలే టక్కుమంది.
మీటరులో పన్నెండు వోల్టులు.
"రావడానికేం, వస్తోంది," అన్నాడు,
"పోవడానికే దారి లేదు."

ఆ తర్వాత తీగల్ని చూశాడు.
"ప్లస్సుకీ ఎరుపే, మైనస్సుకీ ఎరుపే!
ఏ తాగుబోతు చేశాడీ పని?"
నేను థర్మాస్ మూత బిగిస్తూ, విప్పుతూ,
"పాత ఓనరేమో," అన్నాను.

చివరి తీగ వెంట వేళ్లతో నడిచి నడిచి
హెడ్‌లైటు వెనక ఒక బోల్టు దగ్గర ఆగాడు.
పెయింటు మీదే బిగించిన బోల్టు.
దాని చుట్టూ ఉప్పు, ఉప్పు కింద తుప్పు.
గరుకు కాగితం పెట్టి రుద్దాడు, ఊదాడు, మళ్లీ రుద్దాడు.
నాణెమంత ఇనుము తళుక్కుమంది.

బయట మూడడుగుల మంచు.
మే నెల దాకా ఇక్కడెవరికీ మట్టి కనపడదు.
ఆ నాణెమంత జాగా మీద వేలు పెట్టి
"ఇదుగో నేల," అన్నాడు.

స్విచ్చేశాను.
షెడ్డు తలుపులోంచి వెలుగు
గిడసబారిన పైన్ చెట్ల దాకా ఒక్క పరుగున పోయింది.
అక్కడ నీలంగా నాలుగు కళ్లు,
మాకేమైనా ఉత్తరాలున్నాయా అన్నట్టు.

డబ్బివ్వబోతే వద్దన్నాడు.
కోసేసిన పాత అతుకు నా అరచేతిలో పెట్టాడు.
తీగకి చుట్టిన పసుప్పచ్చ టేపు,
మా పోస్టాఫీసులో పార్సిళ్లకి వేసేది,
దాని మీద సగం తెగిన అక్షరాలు:
'పగిలే సామాను, జాగ్ర'

"పాత ఓనరు కనిపిస్తే చెప్పు,"
చేతులు తుడుచుకుంటూ అన్నాడు,
"ఈసారి కాస్త నల్ల తీగ కూడా కొనమని."