రిహాకురు సీసా

కూకోండమ్మా, బల్ల తడి లేదు.
కోనెం ముక్కలు ఏగడానికి ఇంకాసేపు పడతాది.
ఏటీ, మాల్దీవులా? పెళ్ళై తొమ్మిది రోజులేనా?
ఆ ఫోను ఇలగియ్యి బాబూ, సూస్తాను.
నీలం నీళ్ళు, కర్రల మీద గుడిసెలు,
పళ్ళెంలో ఏదో తెల్ల సేమియా.
అది ఏ ఊళ్ళోనైనా ఒండుతారు.
అక్కడ ఏటి తినాలో నాను సెప్తాను, రాసుకో.

పొద్దున్నే మస్ హుని.
మస్ అంటే సేప. హుని అంటే కొబ్బరి కోరు.
నామాల సూర తెలుసు కదా,
మన హార్బర్లో పడితే ఆడోళ్ళు మొకం తిప్పుకుని
ఎగుమతి లారీకి అప్పసెప్పీసీ సేప.
దాన్ని ఉడకబెట్టి, ముళ్ళు తీసి,
ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మకాయ ఏసి
సేత్తోనే నలపాలి. గరిటె పెడితే తప్పు.
మిరపకాయని ముందు ఉప్పుతో సిదిమీయాలి,
ఏళ్ళు మండాలి,
ఆ మంటతోటే కొబ్బరి కలపాలి.
రోషితో తినాలి. రోషంటే రొట్టే, కంగారు పడకు.

కుళి బోకిబా అని ఒకటుంది.
పేరిని ముక్కు మూసుకోకమ్మా,
ఆళ్ళ బాసలో కుళి అంటే కారం.
మొదట్రోజు నానూ పళ్ళెం తోసీసినోణ్ణే.
"కుళ్ళు నీ బాసలో ఉంది, నా గిన్నెలో లేదు"
అన్నాడు హసన్ దీదీ.
దీదీ ఆడి ఇంటిపేరు.
ఓడలో హిందీవోళ్ళు అక్కా అక్కా అని ఏడిపించీవోరు.
ఆడు నవ్వీసి, అక్కలాగే ఒడ్డించీవోడు.

గరుధియా తాగండి.
సూర ముక్కలు, ఉప్పు, నీళ్ళు. అంతే.
పసుపు లేదు, సింతపండు లేదు.
మన పులుసు తిన్నోడికి అవి ఉత్త ఏడినీళ్ళు.
పైకి తేలిన నురగ తీస్తా కూకోవాలి.
ఇరవైముగ్గురికి ఒండాలి,
నురగ దగ్గిర జపం ఏట్రా అనీవోణ్ణి.
"నురగ తియ్యకపోతే సముద్రం సేదెక్కుతాది" అనీవోడు.
జొరమొచ్చి మూడ్రోజులు పడిపోయినప్పుడు
ఆ ఏడినీళ్ళే గొంతు దిగేయి.
ఇంకేటీ దిగలేదు.

ఇదుగో ముక్కలు, సల్లారకముందే తినీయండి.
ఉల్లిపాయ ఇంకొంచెం ఎయ్యనా?

ఆ గరుధియానే పొద్దుట్నించి సందేల దాకా మరిగిస్తే
నీళ్ళన్నీ ఎగిరిపోయి, బెల్లం పాకంలాగ
నల్లటి ముద్ద మిగుల్తాది. రిహాకురు.
గోరంత సాలు, పళ్ళెడన్నం ఎల్లిపోద్ది.
ఆ వాసనకి మా పెద్దింజినీరు తలుపేసుకునీవోడు.
నాకు మాత్రం అందులో జోడుగుళ్ళపాలెం ఉండీది,
ఇసకలో నెత్తళ్ళు ఆరేసిన మద్దేనం.

ఏ దీవిలో బావుంటాదంటావా బాబూ?
అది నాకు తెల్దు.
నాను ఆ నేల తొక్కలేదు.

మాలేకి రెండు మైళ్ళ దూరాన లంగరేసారు, పదకొండు రోజులు.
దిగడానికి మాకు పాసు రాలేదు.
హసన్ దిగాడు. ఆడి ఊరు కదా.
రేత్రిళ్ళు రెయిలింగు పట్టుకుని సూసీవోణ్ణి.
ఇక్కడ డాల్ఫిన్ నోస్ మీద దీపం ఒక్కటే తిరుగుతాది,
అక్కడ ఊరు ఊరంతా
ఎవరో నీళ్ళ మీద వొదిలీసిన పళ్ళెంలాగ ఎలిగీది.

పన్నెండో రోజు పడవలో ఒక కుర్రోడొచ్చాడు.
తాడుకి సంచీ కట్టి, పైకి లాగమన్నాడు.
హార్లిక్స్ సీసా.
ఆళ్ళమ్మ కాసిన రిహాకురు.
హసన్ మళ్ళీ ఓడెక్కలేదు.
ఎందుకో ఎవులూ సెప్పలేదు.

అరకేజీ ముద్ద నాలుగేళ్ళు తిన్నాను.
ఆకర్న ఏడినీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళూ తాగీసాను.
ఇదే ఆ సీసా. ఇప్పుడు ఉప్పు పోసుకుంటన్నాను.
అడుగున ఉప్పు కొంచెం గోధుమ రంగు తిరిగింది, సూడమ్మా.
లేదూ?
నా కళ్ళేనేమో.

డబ్బులు తరవాతిద్దువు గాని,
రాసుకున్నది ఒకసారి సదువు, పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో.
కుళ్ళి కాదు బాబూ,
నాలిక మడవాలి. కుళి.
మళ్ళీ అను.