పట్టు

వానాకాలం దారం సరిగ్గా రాదు.
గాలిలో తడి పెరిగితే పూసలు కడుతుంది.
అందుకే తార్నాక ల్యాబులో ఆషాఢమంతా
ఏసీతో పోట్లాడుతుంటాను.

సిరంజి మొనకి పదిహేను వేల వోల్టులు.
పాలిమర్ చుక్క వణికి, సాగి, మాయమవుతుంది.
కంటికి ఆనదు.
గంట గడిచాక అల్యూమినియం రేకు మీద
ఏదో తెల్లటి పొర.
బోర్లించిన కుండ మీంచి పూతరేకు తీసినట్టు
ఊపిరి బిగబట్టి ఎత్తుతాను.

జీడిమెట్ల నుంచి డబ్బాలు ఆటోలో వస్తాయి.
నికెల్ ఆకుపచ్చ, రాగి నీలం,
క్రోమియం పసుపు,
ఏ పేరంటానికీ పనికిరాని పసుపు.
ఎవరింట్లోనో కుళాయి తళతళలాడాలంటే
ఊరవతల వాగు ఇంత తాగాలి.
నీరు పల్లమెరుగు అంటారు.
పల్లంలో ఎవరున్నారో మాత్రం ఎరగదు.

దారానికి కొక్కేలు తగిలించాం, నైట్రోజన్ కొక్కేలు.
నీలంగా పోస్తే రంగు లేకుండా దిగుతుంది,
నీలం దారంలోనే ఉండిపోతుంది.
ఒక్క చెంచా ఆమ్లం తగిలిందా,
పట్టు వదిలేస్తుంది.
మొన్నటిదాకా పట్టంటే నాకు చీరే.

తొమ్మిది నెలలకి
చింతగింజంత రాగి.

కాగితంలో చుట్టి చార్‌కమాన్ తీసుకెళ్ళాను,
దస్తగీర్ చాచా దగ్గరికి.
నాన్న నగల కొట్టు గుమ్మం నలభై ఏళ్ళు ఊడ్చి,
మోరీ మట్టి కడిగి కడిగి
బంగారం నలుసులు ఏరిన మనిషి.

అరచేతిలో వేసుకుని నవ్వాడు.
"రాగా? రాగి కోసం
ఎవడన్న మట్టి కడుగుతడా బేటీ?"

అప్పుడు రెండో సీసా ఇచ్చాను.
దారం దాటొచ్చిన నీళ్ళు.
కిటికీ వెలుగులో పెట్టి
చాలాసేపు చూశాడు.
గోళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి ఆయనకి.

"నేను బంగారం పట్టుకున్న.
తేజాబంత మోరీల పోసిన.
అది యాడికి పోయిందని
ఒక్కనాడన్న అడగలే."

కాసేపాగి,
"తాగొచ్చా ఇవి?"
"ఇంకా లేదు చాచా. పరీక్షలున్నాయి."
"మొక్కకు?"
"తెలీదు."

నేను వద్దనేలోపే
మూతెడు పుదీనా కుండీలో పోసేశాడు.

ఇవాళ్టికి ఎనిమిదో రోజు.
బయట ఒకటే వాన, దారం పూసలు కడుతోంది.
పొద్దున్నే ఫోన్ చేస్తాను.
"ఆగు," అంటాడు, కళ్ళజోడు వెతుక్కుంటూ.
ఆకులు లెక్కపెడుతున్న చప్పుడు
నాకు వినిపిస్తూ ఉంటుంది.