నలభై ఒకటి

సంపెలాలో ఇళ్లు సముద్రంలోనే నిలబడతాయి,
మోకాళ్ల దాకా లుంగీ ఎత్తి పట్టుకున్న మనుషుల్లా.
తెల్లారగానే తాదోంగ్ తాత
తనే చెక్కుకున్న కొయ్య కళ్లద్దాలు మొహానికి నొక్కుకుని
ఒక్క ఊపిరి మూటగట్టుకుని
దిగిపోతాడు.
వీపున సిలిండరు, నడుముకి సీసం, చేతిలో చాకు,
ఇన్ని మోసుకుని ఆయన వెనకాల నేను.

పన్నెండు మీటర్ల కింద
కాగులు.
ఎవరూ తోమనివి, ఎవరూ బోర్లించనివి.
నడుమెత్తువి కొన్ని, నిలువెత్తువి కొన్ని.
ఒకటి నున్నగా, ఇప్పుడే సారె మీంచి దింపినట్టు.
ఒకటి ఒళ్లంతా కుచ్చిళ్లు.
ఒకటి వేళ్లూ కొమ్ములూ మొలిచి
పనసకాయకి పిచ్చెక్కినట్టు.

పడవెక్కి రొప్పు తీరాక తాత లెక్క చెప్పాడు:
నున్నవాళ్లది ఒక ఇంటిపేరు,
మడతలవాళ్లది ఒకటి,
ముళ్లవాళ్లతో ఎవరికీ వియ్యం లేదు.
నేనూ నా పుస్తకంలో మూడు గళ్లే గీశాను.

ఒక్కోదాన్నుంచి గోరంత ముక్క.
స్పిరిట్ సీసా, పెన్సిల్‌తో అంకె.
కోస్తే నెత్తురు రాదు, ఉలికిపడదు.
తాగిన నీళ్లు వదుల్తూ, వదిలినన్ని తాగుతూ
దాని పని దానిది.

మకస్సర్‌లో, కరెంటు వస్తూ పోతూ ఉండే గదిలో
నాలుగే అక్షరాల ఆ రాత చదివాను.
పదిహేడు, దాని భుజానికి భుజం ఆనించి పెరిగిన పద్దెనిమిది,
రెండూ నున్ననివే,
ఒకదానికొకటి ఏమీ కావు.
పదిహేడుకి అయినవాళ్లు ఎక్కడో
ఇంకో మహాసముద్రం అవతలి ఒడ్డున.
ముళ్ల ముప్పై, మడతల నలభై ఒకటి మాత్రం
ఒక్క కడుపు పంట.
గళ్లు కొట్టేశాను. కాగితం చిరిగింది.

వానలు వెనకబట్టాక వెళ్లి చెప్పాను.
తాత నవ్వలేదు, కాదనలేదు.
వలకి ముడి వేస్తూనే అడిగాడు:
"ఏడాదికో పొద్దున అన్నీ కలిసి పొగ వదుల్తాయి.
నీళ్లు పాలవుతాయి, నా చెయ్యి నాకే కనపడదు.
ఆ పొగలో ఎవరిది ఎవరిదో
చేపలకే తెలీదు.
నీ సీసాకి తెలిసిందా?"
కొంచెం, అన్నాను.

ఆ మర్నాడే దిగాం.
నలభై ఒకటి లేదు.
ఎవరి లంగరో. మొదలు దగ్గర తెల్లటి గాయం,
వాలులో కింద తునకలు, నానిన అట్టముక్కల్లా.

దాని ఫోటో లేదు నా దగ్గర.
ఆ రోజు కెమెరాలోకి నీళ్లు దూరాయి.
సీసా ఉంది. మూత బిగువుగానే ఉంది.
అక్షరాలు ఎన్నిసార్లు చదివినా
ఎన్ని మడతలో అందులో ఉండదు.

సాయంత్రం వసారా పలకల మీద
తాత రెండు చేతులూ చాపాడు, గాలిని కౌగిలించుకున్నట్టు.
ఇంత. ఇక్కడ సన్నం. కాలువ వైపు పెదవి విరిగి ఉండేది,
మా నాన్న నాకు ఈత నేర్పేనాటికే విరిగి ఉంది.
మడతలు పదకొండు.
ఏడో మడతలో ఒక పాముచేప కాపురం.
చెబుతూ చెబుతూ చేతులు దించడం మర్చిపోయాడు.

మనవరాలు రోస్నానీ
ఉడికిన కర్రపెండలం గిన్నె తెచ్చి
అటు పక్కకి వెళ్లబోయి
ఆయన చేతుల మధ్యనున్న దానికి తగలకుండా
గోడనానుకుని తప్పుకుపోయింది.