కిట్టు పుస్తకంలో లేనిది

లాఠీ ఒకటి. ఈల ఒకటి, తాడుతో.
బెల్టు, టోపీ, చిరిగిన వానకోటు.
ఒక్కోదాని ఎదురుగా నా సంతకం,
పత్తికొండ స్టేషన్లో చేరిన నాటి కుదురైన సంతకం.
కుడికాలి మేజోడులో ఉన్నదానికి మాత్రం
ఆ పుస్తకంలో గీత లేదు.

పిస్తోలు ఎస్సై నడుముకుంటుంది.
మాకు వెదురుకట్టె, గొంతు.
రెండూ విరిగిననాడు ఏం చేస్తావని
అడిగినవాళ్ళు లేరు గనుక
కంబగిరి ఆచారి కొలిమికి నేనే పోయినాను.

కేసు పని మీదే పోయినాను, నిజం చెప్పాలంటే.
టమాటా మండీ వెనక పడిన మనిషి మెడకు
ఆయన చేసిన కొడవలి తగిలింది.
"ఇనుముకు పదును పెడతా సామీ,
మనిషికి పెట్టను" అన్నాడు.
రాసుకున్నాను. రాసుకుని, కాగితం మడిచి,
తిత్తి పక్కన మిగిలిన లారీ కమానుపట్టీ ముక్క చూసి
"దీన్ని జానెడు చేసిస్తావా" అన్నాను.
ఆచారి నా మొహం వంక చూడల్యా.
బొగ్గుల వంక చూసి తిత్తి ఊదినాడు.

కమాను ఒకటే. ఒక సగం
ప్రాపర్టీ గదిలో, గోనెపట్టలో,
మెడకు నంబరు రాసిన అట్టముక్కతో.
ఇంకో సగం నా పిక్కకు ఆనుకుని
పద్దెనిమిదేండ్లు డ్యూటీ చేసింది.

ఏం కోసిందంటే,
లారీ పల్టీ కొట్టిన రాత్రి
క్లీనరు కాలికి చుట్టుకున్న పట్టాతాడు.
బందోబస్తులో ఉగ్గానికి ఉల్లిగడ్డలు.
తొలకరికి తుగ్గలి చేలల్లో వజ్రాలేరేవాళ్ళను
అదిలించను పోయి, సందె గుంకినాక
నేనూ దానితో మట్టి కెలికినాను.
గాజుపెంకు దొరికింది.
ఇంకొకటి. బోరు ఎండిన చేలో, మోటరు కొట్టంలో,
దూలానికి నైలాను తాడు.
తెగను మొండికేసింది.
ఆ పూట బూడిదతో మూడుసార్లు తోమినా
లింగమ్మ దాన్ని గడప దాటనియ్యల్యా.

ఆయుధమని తలుచుకున్నది ఒక్కసారే.
దేవరగట్టు. దసరా రాత్రి. కాగడాలు.
ఇనుపకడియాల కట్టెలు
తలల మీద తలలు వెతుకుతాంటే
నా లాఠీ ఎవరి చేతికి పోయిందో.
ఎదర ఒకడు. మొహమంతా బండారు, సారా వాసన.
కట్టె ఎత్తినాడు.
నేను వంగినాను.
వేళ్ళు మేజోడులోకి దూరి పిడి పట్టినాయి.

కాళ్ళు మొక్కుతాండాననుకున్నాడు వాడు.
కట్టె కింద పడేసి, రెండు భుజాలు పట్టి లేపి
"యాందిది సామీ, పెద్దోనివి,
నా కాళ్ళు నువ్వు పట్టేదేంది" అని
వాని పసుపు నా నొసట రాసి
గుంపులో కలిసిపోయినాడు.
ఎవరో ఇప్పటికీ తెలియదు.
ఒక్క గడియ నేను చురుగ్గా ఉండింటే
ఆ సగం, ఈ సగం
ఒకే గోనెపట్టలో ఉండేవి.

కొత్తగా వచ్చిన షాహీన్ ఒకనాడు చూసింది.
"అదెందుకన్నా?"
"ఉల్లిగడ్డలకు."
ఆ పిల్ల జేబులోంచి చిన్న కారం బుడ్డి తీసింది,
నైట్ డ్యూటీకని వాళ్ళమ్మ కొనిచ్చిందట, చిమ్మేది.
"కిట్టు పుస్తకంలో రాసినావా?"
"లేదు."
ఇద్దరమూ నవ్వల్యా.

నిన్న నా అప్పగింతలు.
స్టోరు మద్దిలేటి ఒక్కోటి టిక్కు పెడతా పోయినాడు.
లాఠీ. ఈల. తాడు యాడ? తెగిపాయప్పా.
చివర బూట్లు.
కుడిదాంట్లో చెయ్యి పెట్టినాడు.
చీలమండ పక్కన తోలు
జానెడు పొడుగున అరిగి గుంటపడింది.
వేలితో పైనుంచి కిందికి తడిమి
నా వంక చూడకుండా
"ఇవి ఎవరికి సరిపోతాయిలే, తీసకపో" అన్నాడు.

బూట్లు చంకలో పెట్టుకుని
చెప్పులతో గుత్తి రోడ్డెక్కినాను.
కుడికాలు ఇంకా
లేని బరువును ఎత్తి ఎత్తి వేస్తాంది.