కొక్కెం

ఒచోలా మాస్టారు ఎర్ర పెన్ను మూత పళ్ళతో తీస్తారు.
అదే గుర్తు. ఇవాళ ఎవరి కాగితమో కోతకొచ్చిందని
కిసుము కాలేజీలో జర్నలిజం రెండో ఏడాది
ముప్పై ఒక్కమందికీ తెలిసిపోతుంది.

"ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా.
అన్నీ ఉన్నాయి నసిమియూ.
గాలి ఏ వైపు వీచిందో కూడా అడిగావు, మెచ్చుకున్నాను.
సున్నా."

వార్త చిన్నదే.
మంగళవారం తెల్లారుజామున సరస్సులో పడవ తిరగబడి
ఇరవై ఆరేళ్ళ జాలరి చనిపోయాడు.
అతని పేరులో, ఎన్, జీ దాటాక,
గాల్లో వేలాడే కొక్కెం ఒకటుండాలి.
అది ఉంటే ఊపిరి ముక్కులోంచి మెత్తగా పోతుంది,
లేకపోతే గొంతులో తట్టుకుంటుంది.

మనకి కవర్గం చివర ఙ ఉంది చూడండి,
పలక మీద దిద్దించి ఆ తర్వాత
ఏ పనికీ పిలవకుండా వదిలేశామే, అది.
ఆ ఒడ్డున దానికి రోజూ కూలి దొరుకుతుంది.
అతను ఒఙుది.
బుంగోమా మొక్కజొన్న చేలలోంచి వచ్చిన ఈ పిల్ల
వాళ్ళ భాష చెవికి ఇంకా పూర్తిగా పట్టక
ఒంగుది అని రాసింది.

"చచ్చిపోయినవాడు ఫోన్ చేసి సరిదిద్దడు.
ఐదు లోపల ఆ ఇంటికెళ్ళి అడిగి రా.
సున్నా మాత్రం మారదు."

మటాటూలో నిలబడే ప్రయాణం.
దిగిన చోట చిరిగిన వలల మీద ఎండుతున్న ఒమెనా,
చిల్లర పారబోసినట్టు.
గుర్రపుడెక్క కమ్మిన నీళ్ళు, నీళ్ళ మీద పడవలు,
ఒక పడవ మాత్రం గట్టున, బోర్లా.

మామా రిస్పా చేపలు ఏరుతోంది.
మూడో తరగతి దాకా చదివానని చెప్పి
కాగితం తీసుకుంది.
వేలు పెట్టి చదివింది, అక్షరానికో ఆగు.
వేలికంటిన పొలుసులు
పంక్తి పొడుగునా మిగిలాయి.

"వీడు మావాడు కాదు," అంది.

"పడవ మాదే. తారీఖు మాదే.
ఆ వల మీద అప్పూ మాదే, రాశావు, బాగుంది.
పేరు ఎవరిదో."

పిల్లి ఒకటి చేప నోట కరుచుకుని పోతోంది,
ఎవరూ అదిలించలేదు.

"అయితే మీ కాగితంలో
పోయింది ఇంకెవరో అన్నమాట."

నవ్విందా?
నసిమియు నోటుపుస్తకంలో ఆ సంగతి లేదు.
చూసింది రాయి, అనుకున్నది రాయకు అని
మొదటి ఏడాదే చెప్పారు.
ఆమె పెన్ను తీసింది, తప్పు దిద్దడానికి.

"ఉండు. టీ తాగు ముందు."

ఆ టీలో పాలు ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ.
అది చల్లారేదాకా ఆ ఇంట్లో
ఎవరూ చనిపోలేదు.
నాలుగూ పది. నాలుగూ పాతిక.
నసిమియు గుక్కలు చిన్నవి చేసింది.

కప్పు ఖాళీ అయ్యాక రిస్పా చెయ్యి చాచింది.
పెన్ను తీసుకుని,
ఎరను గాలానికి గుచ్చేటప్పటి జాగ్రత్తతో
ఆ రెండు అక్షరాల పక్కన
తనే పెట్టింది కొక్కెం.
పెద్దదిగా. పై పంక్తిలోకి పొడుచుకుపోయేలా.
పెన్ను పావడాకి తుడిచి ఇచ్చింది.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా
మాస్టారు ఆ కాగితాన్ని వెలుతురు కేసి పట్టారు.
చేపవాసన. పొలుసులు.
సున్నా దాని చోటున అదే ఉంది.

"ఇది నీ చేత్తో పెట్టింది కాదే."

"కాదు సార్."

"ఎవరు?"

మొదటి ప్రశ్న అదే కదా ఎప్పుడూ.
నసిమియు ఒక్కో అక్షరమే విడదీసి చెప్పింది,
ఆయన రాసుకునేదాకా ఆగుతూ,
ఆర్. ఐ. ఎస్. పీ. ఏ.